ప్రింట్ చేసిన టైటానియం ఏ దిక్కున బలంగా ఉందో ఎలా తేల్చుకోవాలి

కాకినాడ, భీమవరం, రాజమహేంద్రవరం చుట్టుపక్కల ఇంజనీరింగు కళాశాలల్లో త్రీడీ ప్రింటింగుతో చేసిన టైటానియాన్ని ప్రాజెక్టుగా తీసుకునే విద్యార్థులు ఇప్పుడు కనిపిస్తున్నారు. ముక్క హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో తయారై కొరియర్‌లో వస్తుంది. కోయడం, పాలిష్ చేయడం, యూటీఎం (లోహాన్ని లాగి బలం కొలిచే మిషను) మీద లాగి చూడడం ఇక్కడి ప్రయోగశాలలోనే జరుగుతాయి. ముక్క చేతికి రాగానే అందరూ దాని పక్కల మీది సన్నని గీతలను చూసి, పొరలు పొరలుగా పేర్చినది కాబట్టి పొరల మధ్యనే విడిపోతుందని తీర్మానం చేసేస్తారు. ఆత్రేయపురం పూతరేకును చూస్తూ పెరిగిన కంటికి ఆ ఆలోచన రావడం సహజమే. అయితే అది సగమే నిజం, ఆ సగం కూడా ప్రింటింగు సరిగా జరగనప్పుడే నిజం. టైటానియంలో దిక్కును బట్టి బలం మారడానికి బయటికి కనిపించే పొరల కంటే, ఆ పొరలను చీల్చుకుంటూ లోపల పైకి పెరిగిన స్ఫటికాలు ముఖ్యమైన కారణం కావచ్చు. ఈ రెండు కారణాలనూ మీ చేతులతో మీరే విడదీసి చూసే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. చెప్పేదంతా 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం కలిసిన టైటానియం మిశ్రమం గురించి, ప్రధానంగా పౌడర్ మీద లేజర్ నడిపే పద్ధతి గురించి. మిగతా పద్ధతుల్లో తేడా ఉన్నచోట ఆ మాట విడిగా చెబుతాను.

పని మొదలుపెట్టే ముందు

లోహం లోపల ఏం జరుగుతుందో తెలియకుండా పరీక్ష చేస్తే అంకెలు వస్తాయి కానీ అర్థం రాదు. అందుకే ఈ భాగాన్ని నిదానంగా చదవండి.

లేజర్ 30 నుంచి 60 మైక్రాన్ల మందం ఉన్న పౌడర్ పొరను కరిగిస్తుంది. కరిగిన లోహంలోని వేడి ఎక్కువగా కిందికి, అంటే అప్పటికే గట్టిపడిన భాగం గుండా బిల్డ్ ప్లేటు (ముక్కను ఏ పలక మీద ప్రింట్ చేస్తారో అది) వైపుకు పోతుంది. గట్టిపడేటప్పుడు పుట్టే బీటా స్ఫటికాలు (బీటా అంటే ఎక్కువ వేడిలో ఈ లోహం తీసుకునే స్ఫటిక రూపం) వేడి పోయే దిక్కుకు ఎదురుగా, అంటే పైకి పెరుగుతాయి. తరువాతి పొర వేసినప్పుడు కింది పొర పైభాగం మళ్లీ కరుగుతుంది కాబట్టి కొత్త లోహం కొత్త స్ఫటికాన్ని మొదలుపెట్టకుండా, కింద ఉన్న స్ఫటికాన్నే పైకి కొనసాగిస్తుంది. ఇలా పదుల కొద్దీ పొరలను దాటుకుంటూ సన్నని నిలువు స్తంభాలు ఏర్పడతాయి. పాత పెంకుటింటి తాటి దూలాన్ని అడ్డంగా కోసి చూసినవారికి ఈ అమరిక తేలికగా బోధపడుతుంది. ఆ నల్లని నారలన్నీ ఒకే దిక్కున సాగి ఉంటాయి. గొడ్డలి దెబ్బకు దూలం నార వెంట చీలుతుందే గాని నారకు అడ్డంగా తెగదు.

కథ ఇక్కడితో ఆగితే ప్రింట్ చేసిన టైటానియం కూడా తాటి దూలం లాగానే ప్రవర్తించేది. కానీ ఈ మిశ్రమం చల్లబడుతూ దాదాపు 995 డిగ్రీల సెల్సియస్ దాటి కిందికి రాగానే బీటా మారిపోయి ఆల్ఫా అనే మరో స్ఫటిక రూపం పుడుతుంది. సెకనుకు సుమారు 410 డిగ్రీల కంటే వేగంగా చల్లబడితే ఆ ఆల్ఫా సూదుల్లాంటి ఆకారంలో, మార్టెన్‌సైట్ అనే రూపంలో ఏర్పడుతుంది. లేజర్ పద్ధతిలో చల్లబడే వేగం ఆ హద్దును ఎన్నో రెట్లు మించుతుంది. ఒక్క బీటా స్ఫటికం నుంచి ఆల్ఫా 12 వేర్వేరు దిశల్లో పుట్టగలదు. దానివల్ల స్తంభానికి ఉన్న ఒకే దిక్కు గుణం లోపల చాలావరకు చెదిరిపోతుంది. మంచి ప్రింటులో నిలువుకూ అడ్డానికీ ఈల్డ్ బలంలో (లోహం శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడిలో) తేడా తరచూ కొద్ది శాతానికి మించకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

చెదరకుండా మిగిలేవి స్తంభాల సరిహద్దులు. లోహం నిదానంగా చల్లబడినప్పుడు ఆ సరిహద్దుల వెంట ఆల్ఫా ఒక సన్నని తెరలా, తెగకుండా పరుచుకుంటుంది. ఎలక్ట్రాన్ కిరణంతో వేడి గదిలో ప్రింట్ చేసినా, నాజిల్ ద్వారా పౌడర్ గాని తీగ గాని అందిస్తూ పోతపోసినా, తరువాత ఫర్నేసులో బాగా వేడిచేసి మెల్లగా చల్లార్చినా ఇది కనిపించవచ్చు. ఈ తెర నిలువుగా ఉంటుంది. ముక్కను అడ్డంగా లాగితే తెర మీద లాగుడు సూటిగా పడి, పగులు దాని వెంట పాకుతుంది. అంటే ఈ కారణం పనిచేసినప్పుడు దెబ్బతినేది అడ్డం దిక్కు, అందులోనూ బలం కంటే ముందు సాగుదల.

పొరల మధ్య లోహం సరిగా కరగక మిగిలిన గుంటల స్వభావం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అవి పొర వెంట చదునుగా పడుకుని ఉంటాయి. అడ్డంగా లాగితే వాటి అంచు మాత్రమే లాగుడుకు ఎదురవుతుంది, నిలువుగా లాగితే వాటి ముఖమంతా తెరుచుకుంటుంది. అందుచేత అడ్డం బలహీనంగా ఉంటే స్తంభాల సరిహద్దులను, నిలువు బలహీనంగా ఉంటే కరగని గుంటలను ముందుగా అనుమానించాలి. ఇకపై మీరు చేసే ప్రతి పనీ ఈ అనుమానాన్ని రుజువు చేయడానికో, కొట్టివేయడానికో చేసేదే.

మొదటి పని: ముక్కలను సరిగా అడగడం

ప్రింట్ చేసేవారికి ఆర్డరు ఇచ్చేటప్పుడు దిక్కులను ఐఎస్ఓ/ఏఎస్‌టీఎం 52921 ప్రమాణంలో ఉన్నట్టుగా రాయండి. పొరలు పేరుకుంటూ పోయే దిక్కు జెడ్. మిషను ముందుభాగానికి సమాంతరంగా ఉన్నది ఎక్స్. ఈ రెండింటికీ లంబంగా ఉన్నది వై. నిలువు, అడ్డం అని నోటిమాటగా చెబితే వాళ్లు ఒకటి అనుకుంటారు, మీరు మరొకటి అనుకుంటారు.

చాలామంది కొన్ని కడ్డీలను నిలబెట్టి, కొన్నిటిని పడుకోబెట్టి ప్రింట్ చేయించి పోల్చేస్తారు. ఇందులో పైకి కనిపించని పొరపాటు ఉంది. నిలబెట్టిన సన్నని కడ్డీలో ఒక్కో పొర విస్తీర్ణం చిన్నది, పడుకోబెట్టిన కడ్డీలో పెద్దది. రెండింటిలో వేడి పేరుకునే తీరు ఒకటి కాదు కాబట్టి లోపలి నిర్మాణమూ ఒకటి కాదు. అప్పుడు మీరు పోలుస్తున్నది రెండు దిక్కులను కాదు, రెండు వేర్వేరు లోహాలను. దీనికి బదులు ఒకే కొలతల గోడలు అడగండి. 60 మిల్లీమీటర్ల పొడవు, 60 మిల్లీమీటర్ల ఎత్తు, 15 మిల్లీమీటర్ల మందం ఉన్న గోడలు నాలుగు చాలు. రెండు గోడలను వైర్ కట్‌తో (విద్యుత్తు పారే సన్నని తీగతో కోసే మిషనుతో) నిలువు కడ్డీలుగా, రెండింటిని అడ్డు కడ్డీలుగా 12 మిల్లీమీటర్ల చదరంలో కోయిస్తే ఒక్కో దిక్కుకు ఎనిమిది వరకు వస్తాయి. మొత్తం దాదాపు ఒక కిలో లోహం అవుతుంది, ఖర్చు తక్కువేమీ కాదు. అయినా సందేహం మిగిల్చే ముక్కలు ఎన్ని చేయించినా ఆ ఖర్చు వృథాయే కాబట్టి ఇక్కడ పొదుపు చేయవద్దని నా సలహా. అడ్డు కడ్డీ ఒక్కొక్కటీ బిల్డ్ ప్లేటు నుంచి ఎంత ఎత్తులోదో కూడా రాసుకోండి, ఎందుకంటే అడుగున ఉన్న నిర్మాణం, పైన ఉన్న నిర్మాణం అచ్చంగా ఒకటి కావు.

గుర్తులు మాత్రం పెన్నుతో వేయవద్దు. ఒకసారి మా ప్రయోగశాలకు వచ్చిన కడ్డీల మీద మార్కర్‌తో రాసిన అక్షరాలు లేత్ మీది కూలెంట్‌కు తుడిచిపెట్టుకుపోయాయి. ఏది నిలువో, ఏది అడ్డమో చెప్పేవారు లేక ఆ విడత కడ్డీలన్నిటినీ పక్కన పెట్టవలసి వచ్చింది. ఆ విద్యార్థి మూడు నెలలు ఎదురుచూసిన ముక్కలవి. అప్పటి నుంచి కోసిన వెంటనే కడ్డీ చివరి ముఖం మీద పంచ్‌తో అంకె కొట్టి, దాన్ని నోటుపుస్తకంలో ఎక్కించాకే తరువాతి పనికి పంపుతున్నాం.

రెండవ పని: పుట్టుక వివరాలు రాబట్టడం

లేజర్ శక్తి, నడిచే వేగం, గీతకూ గీతకూ మధ్య దూరం, పొర మందం, పొర మారినప్పుడల్లా గీతల దిక్కును ఎన్ని డిగ్రీలు తిప్పారన్నది, పౌడర్ కొత్తదా వాడినదా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. వీటితో శక్తి సాంద్రత లెక్కించవచ్చు. శక్తిని వేగం, గీతల మధ్య దూరం, పొర మందం మూడింటి లబ్ధంతో భాగించాలి. ఉదాహరణకు 280 వాట్లు, సెకనుకు 1200 మిల్లీమీటర్లు, 0.14 మిల్లీమీటర్లు, 0.03 మిల్లీమీటర్లు అయితే ఘన మిల్లీమీటరుకు దాదాపు 56 జౌళ్లు వస్తుంది. ఇది బాగా తగ్గితే కరగని గుంటలకు అవకాశం పెరుగుతుంది. అయితే వేర్వేరు అమరికలకు కూడా ఇదే అంకె రావచ్చు కాబట్టి దీన్ని తీర్పుగా తీసుకోకండి, ఆధారాల్లో ఒకటిగా మాత్రమే చూడండి.

పౌడర్ గురించి ప్రత్యేకంగా అడగాలి. టైటానియం ఆక్సిజన్‌ను సులువుగా వదిలే లోహం కాదు. మన తీరపు ఇసుకలో నల్లని చారలుగా కనిపించే ఇల్మనైట్‌లో కూడా అది ఆక్సిజన్‌తో కలిసే ఉంటుంది. పౌడర్‌ను మళ్లీ మళ్లీ వాడేకొద్దీ ఆక్సిజన్ పెరుగుతుంది, దానితో బలం పెరిగి సాగుదల తగ్గుతుంది. ఈ మిశ్రమంలో సాధారణ రకానికి 0.20 శాతం, శుద్ధమైన రకానికి 0.13 శాతం ఆక్సిజన్ గరిష్ఠ హద్దులు. ఆక్సిజన్ ప్రభావం ఒక దిక్కుకే పరిమితం కాదు, అన్ని దిక్కుల్లోనూ పడుతుంది. ఆ విశ్లేషణ చేతిలో లేకపోతే తరువాత వచ్చే అంకెలను తప్పుగా చదివే ప్రమాదం ఉంది.

మూడవ పని: వేడిచేయడం గురించి నిర్ణయించుకోవడం

ముక్కను బిల్డ్ ప్లేటు నుంచి కోయకముందే లోపలి ఒత్తిడి తగ్గించే వేడి ఇవ్వాలి. ముందే కోస్తే వంగిపోవచ్చు. సాధారణంగా 800 డిగ్రీల దగ్గర రెండు గంటలు, ఆర్గాన్‌లో గాని శూన్యంలో గాని ఉంచుతారు. ఆ వేడికి మార్టెన్‌సైట్ విడిపోయి ఆల్ఫా, బీటా కలిసిన సన్నని పలకలు ఏర్పడతాయి. ప్రింట్ చేసిన వెంటనే 1100 మెగాపాస్కల్‌కు పైగా ఉండే బలం 1000 దగ్గరికి దిగి, సాగుదల పెరుగుతుంది. స్తంభాలు మాత్రం అలాగే ఉంటాయి.

దాదాపు 920 డిగ్రీల వద్ద, 100 మెగాపాస్కల్ వాయు పీడనంలో రెండు గంటలు ఉంచే హిప్ పద్ధతి లోపలి గుంటలను మూసివేస్తుంది. ఉపరితలం దాకా తెరుచుకున్న గుంటలోకి వాయువే చొరబడుతుంది కాబట్టి అది మూసుకోదు. ఇక్కడా స్తంభాలు చెదరవు, ఎందుకంటే 920 అన్నది 995 కంటే తక్కువ. స్తంభాలు పోవాలంటే ఆ గీత దాటించి 1050 డిగ్రీల దాకా తీసుకువెళ్లాలి. అప్పుడు అవి నలుదిక్కులా సమానంగా ఉండే గ్రెయిన్లుగా (విడివిడి స్ఫటికాలుగా) మారతాయి, దిక్కు తేడా తగ్గుతుంది. కానీ గ్రెయిన్లు బాగా పెద్దవై, మెల్లగా చల్లార్చినప్పుడు వాటి సరిహద్దుల్లో ఆల్ఫా తెర దట్టంగా పరుచుకుని, మొత్తం లోహమే బలహీనపడుతుంది. దిక్కుల మధ్య సమానత్వం కోసం రెండు దిక్కులనూ తగ్గించుకోవడం నాకు సమ్మతం కాదు. గట్టి కారణం ఉంటే తప్ప ఆ దారి పట్టవద్దు.

కళాశాలలోని చిన్న గొట్టపు ఫర్నేసులో ఆర్గాన్ సరిగా నిలవకపోతే ముక్క పైన ఆక్సిజన్ ఎక్కిన పెళుసు పొర ఏర్పడుతుంది. అందుకే వేడి ఇవ్వడం పూర్తయ్యాక మాత్రమే చివరి కొలతకు లేత్ మీద తిప్పించాలి.

నాలుగవ పని: లోపలికి చూడడం

గోడల్లో మిగిలిన ముక్కల నుంచి మూడు ముఖాలు తయారుచేయండి. ఒకటి పొరకు సమాంతరంగా, రెండు పొరకు లంబంగా, ఒకదానికొకటి అడ్డంగా ఉండాలి. ఒక్క ముఖం చూసి స్తంభం ఉందో లేదో చెప్పలేం, ఎందుకంటే స్తంభాన్ని అడ్డంగా కోస్తే అదీ గుండ్రని గ్రెయిన్ లాగే కనిపిస్తుంది.

ఎమరీ కాగితాల మీద 320 నుంచి 1200 దాకా వెళ్లి, తరువాత 9 మైక్రాన్ల డైమండు, చివర హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్దిగా కలిపిన కొల్లాయిడల్ సిలికాతో పాలిష్ చేయాలి. టైటానియం మెత్తగా సాగి గుంటల మీద పూతలా పరుచుకుంటుంది కాబట్టి చివరి దశలో తొందరపడితే ఉన్న గుంటలు కూడా కనిపించవు. పాలిష్ అవగానే, ఎచింగుకు (లోపలి నిర్మాణం బయటపడేలా ఆమ్లంతో ముఖాన్ని కొద్దిగా తినిపించడానికి) ముందే సూక్ష్మదర్శిని కింద పెట్టి గుంటలను చూడండి. గుండ్రంగా ఉన్నవి లోపల చిక్కిన వాయువు వల్ల వచ్చినవి. చదునుగా, అంచులు మొనదేలి, పొర వెంట పడుకుని ఉన్నవి కరగకపోవడం వల్ల వచ్చినవి. వాటి సంఖ్యతో పాటు అవి ఏ దిక్కుకు పడుకున్నాయో కూడా రాసుకోండి.

ఎచింగుకు క్రోల్ ద్రావణం వాడతారు. 92 మిల్లీలీటర్ల నీటికి 6 మిల్లీలీటర్ల నైట్రిక్ ఆమ్లం, 2 మిల్లీలీటర్ల హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చేర్చాలి. ఈ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం విషయంలో నేను ఎవరికీ సడలింపు ఇవ్వను. అది గాజును తింటుంది కాబట్టి ప్లాస్టిక్ పాత్రలోనే కలపాలి. చర్మం మీద పడితే వెంటనే మంట తెలియకపోవచ్చు, కానీ లోపలికి దిగి ఎముక దాకా, గుండె దాకా హాని చేస్తుంది. తగిన చేతి తొడుగులు, ముఖ కవచం, పనిచేస్తున్న ఫ్యూమ్ హుడ్, అందుబాటులో కాల్షియం గ్లూకోనేట్ జెల్, పక్కన శిక్షణ ఉన్న ఇంకొక మనిషి, వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ రోజు ఎచింగు చేయకండి. పొరపాటున పడితే నీటితో కడిగి, జెల్ రాసి, మరక చిన్నదే కదా అనుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఎచింగు ఇష్టం లేకపోతే పాలిష్ చేసిన ముఖాన్ని ధ్రువీకృత కాంతిలో చూసినా ఆల్ఫా అమరిక కొంతవరకు తెలుస్తుంది.

ఎచింగు 10 నుంచి 20 సెకన్లు చాలు. లంబ ముఖం మీద తక్కువ పెద్దదిగా చూస్తే నిలువు స్తంభాలు లేత, ముదురు పట్టీలుగా కనబడతాయి. పొరకు సమాంతరమైన ముఖం మీద అవే స్తంభాల అడ్డుకోతలు కనబడతాయి. ఎక్కువ పెద్దదిగా చూసి రెండు విషయాలు కొలవండి. మొదటిది స్తంభం వెడల్పు: ముఖం మీద అడ్డంగా ఒక గీత గీసి, ఆ గీత ఎన్ని సరిహద్దులను దాటిందో లెక్కపెట్టి, పొడవును ఆ సంఖ్యతో భాగించాలి. రెండవది సరిహద్దు స్వభావం: ఆల్ఫా అక్కడ తెగకుండా తెరలా ఉందా, ముక్కలుముక్కలుగా ఉందా, అసలు లేదా. లేజర్‌తో చేసి, వేడి ఇవ్వని ముక్కలో తెర కనిపించకపోవడమే సహజం. అది లేకపోతే అడ్డం దిక్కు బలహీనతకు మీరు వేరే కారణం వెతకాలి.

అయిదవ పని: లాగి చూడడం

కడ్డీలను 4 మిల్లీమీటర్ల వ్యాసం, 16 మిల్లీమీటర్ల గేజ్ పొడవుకు (సాగుదల కొలిచే మధ్యభాగం పొడవుకు) తిప్పించండి. ఇది ఏఎస్‌టీఎం ఈ 8 ప్రమాణంలోని చిన్న నమూనాకు సరిపోతుంది. లేత్ షాపులో ఒక మాట ముందే చెప్పాలి. మా వైపు షాపుల్లో రైసుమిల్లు షాఫ్టులు తిప్పే చెయ్యి చాలా నైపుణ్యమున్న చెయ్యే, కానీ ఉక్కుకు వాడే వేగంతో టైటానియాన్ని తిప్పితే పనిముట్టు మొన మాడిపోతుంది, సన్నని పొట్టుకు నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. వేగం తగ్గించి, పదునైన కార్బైడ్ మొన పెట్టి, కూలెంట్ ధారాళంగా పోయమనండి.

సాగుదలను యూటీఎం పళ్లెం కదలికతో కొలవకండి. మిషను ఫ్రేము, పట్టుల సాగు కూడా అందులో కలిసిపోతుంది. కడ్డీకే తగిలించి దాని సాగును నేరుగా కొలిచే ఎక్స్‌టెన్సోమీటర్ తప్పనిసరి. ప్రతి కడ్డీకి 0.2 శాతం ఈల్డ్ బలం, గరిష్ఠ బలం, తెగేనాటి సాగుదల, తెగినచోట విస్తీర్ణం ఎంత తగ్గిందన్నది నాలుగూ రాయాలి. గరిష్ఠ బలం ఒక్కటే చూసి దిక్కు తేడా లేదని రాసే నివేదికలు నా దగ్గరకు ఏటా వస్తాయి. తేడా అక్కడ కాదు, సాగుదలలో దాక్కుని ఉంటుంది. పౌడర్ పద్ధతిలో చేసిన ఈ మిశ్రమానికి ఏఎస్‌టీఎం ఎఫ్ 2924 ప్రమాణం 825 మెగాపాస్కల్ ఈల్డ్, 895 గరిష్ఠ బలం, 10 శాతం సాగుదల కనీసంగా కోరుతుంది. ఎక్స్, వై, జెడ్ మూడు దిక్కులకూ అవే అంకెలు.

ఆరవ పని: అంకెలను, పగులును కలిపి చదవడం

సగటు కంటే ముందు చెదురు, అంటే కడ్డీకీ కడ్డీకీ అంకెలు ఎంత మారుతున్నాయో చూడండి. ఉదాహరణకు అడ్డు కడ్డీల సాగుదల అన్నిటికీ 12, 14 శాతాల మధ్య ఉండి, నిలువు కడ్డీల్లో ఒకటి 13, ఒకటి 6, ఒకటి 11, ఒకటి 4 వచ్చిందనుకుందాం. సూక్ష్మనిర్మాణం కడ్డీ కడ్డీకీ ఇంతగా మారదు, గుంటలు మాత్రం ఒక కడ్డీలో పడి ఇంకొకదానిలో పడకపోవచ్చు. కనుక చెదురు ఎక్కువగా ఉన్న దిక్కు లోపాల వైపు వేలు చూపిస్తుంది. ఒక దిక్కు అన్ని కడ్డీల్లోనూ నిలకడగా తక్కువ వస్తే సరిహద్దు తెర మీద అనుమానం పెరుగుతుంది. రెండు దిక్కుల్లోనూ బలం ఎక్కువై సాగుదల తక్కువైతే మార్టెన్‌సైట్ మిగిలి ఉండవచ్చు, ఆక్సిజన్ ఎక్కువ ఉండవచ్చు. ఎలా చూసినా తేడా చెదురులో కలిసిపోతే, తేడా కనబడలేదనే రాయండి. ఉన్నదని చూపించాలని కడ్డీలను ఎంచుకోవద్దు.

అంకెల మాట నిజమో కాదో పగిలిన ముఖం చెబుతుంది. మేము పరీక్షించిన ఒక నిలువు కడ్డీ దాదాపు మెడ సన్నబడకుండానే తెగింది. ఆ ముఖాన్ని స్టీరియో సూక్ష్మదర్శిని కింద పెడితే చుట్టూ మసక బూడిదరంగు గరుకుదనం, ఒక అంచుకు దగ్గరగా చిన్న నునుపైన మెరిసే మడుగు కనిపించాయి. ఆ మడుగు గోడలకు ఉడకని సగ్గుబియ్యంలా గుండ్రని గింజలు అంటుకుని ఉన్నాయి. ఏదో దుమ్ము పడిందనుకుని విద్యార్థిని దాన్ని ఊదబోయింది. అవి దుమ్ము కాదు, లేజర్ తాకినా కరగక మిగిలిపోయిన పౌడర్ గింజలు. ఆ కడ్డీ ఎందుకు తెగిందో చెప్పడానికి ఇక వేరే సాక్ష్యం అవసరం లేకపోయింది. సరిహద్దు తెర వల్ల తెగిన అడ్డు కడ్డీలో ఇలాంటి మడుగు ఉండదు. పగులు నిలువు స్తంభాల పక్కల వెంట మెట్లు మెట్లుగా పోయి, పొడవాటి చదునైన గాట్లు కనిపిస్తాయి. ఖాయం చేసుకోవాలంటే పగిలిన కడ్డీని నిలువునా కోసి, పాలిష్ చేసి, పగులు దారి స్తంభాల సరిహద్దును అనుసరించిందో లేదో చూడండి.

ఏడవ పని: భాగాన్ని ఏ దిక్కున నిలబెట్టాలో నిర్ణయించడం

కరగని గుంటలు తేలి, హిప్ చేయించే వీలు లేకపోతే, భాగం మీద పడే ప్రధానమైన లాగుడు పొర వెంట ఉండేలా పడుకోబెట్టి ప్రింట్ చేయించండి. నాజిల్‌తో పోసిన దట్టమైన లోహంలో సరిహద్దు తెర తేలితే, వీలైనంతవరకు ఆ లాగుడును స్తంభాల వెంట, అంటే నిలువుగా పెట్టండి. మళ్లీ మళ్లీ పడే బరువులకు మాత్రం ఈ పరీక్ష ఒక్కటే చాలదు. అక్కడ ఉపరితలపు గరుకుదనం, అంచు దగ్గరి చిన్న గుంట కూడా పెద్ద నష్టం చేస్తాయి కాబట్టి ఫెటీగ్ పరీక్ష విడిగా చేయాలి.

నివేదికలో ప్రతి బలం అంకె పక్కన దిక్కు, వేడి ఇచ్చిన తీరు, స్తంభం వెడల్పు, సరిహద్దు స్వభావం నాలుగూ ఒకే వరుసలో రాయండి. తెగిన రెండు ముక్కలను సరిపోతున్నాయా అని ఒకదానికొకటి ఆనించి చూడకండి, ఆ ఒక్క తాకిడికే పగులు ముఖం మీది మొనలు నలిగిపోతాయి. మన డెల్టా గాలిలో టైటానియం తుప్పు పట్టదు, కానీ తేమతో పాటు దుమ్ము, తీరానికి దగ్గరైతే ఉప్పు ఆ ముఖం మీద పేరుకుంటాయి. ఒక్కో ముక్కను విడి సంచిలో సీలు చేసి, పైన పంచ్ అంకె రాసి, సిలికా జెల్ పొట్లాంతో డెసికేటర్‌లో ఉంచండి.